స్పీకర్ల పక్కన

ఏవండీ,

మీరు పోయి ఏడాదయింది. నిన్న సాయంత్రం పటమటలో రాక్ బ్యాండ్ ప్రోగ్రాం ఉంటే, మా ఆఫీసు స్నేహితురాళ్లు మెహరున్నీసా, సుజాత పట్టుబట్టి తీసుకెళ్లారు. మీరు ఎన్నిసార్లు పిలిచినా ఆ మోత నావల్ల కాదన్నాను. ఇంట్లో మీరు పాట పెడితే వంటింట్లోంచి వచ్చి మరీ సౌండ్ తగ్గించేదాన్ని. మీరు ఒక్కనాడూ విసుక్కోలేదు.

చెవుల్లో దూది పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్నాను. డ్రమ్స్ మొదలయ్యాయి. దూది ఉన్నా ఆ దెబ్బ గుండెలో తెలిసింది. పక్కన కుర్రాళ్లు కళ్లు మూసుకుని వింటున్నారు. మీరూ అలాగే వినేవారు. నిద్రపోతున్నారనుకుని నేను లైటు ఆర్పేసేదాన్ని.

రెండో పాటకి దూది తీసేశాను. మూడో పాటకి నా కళ్లూ మూతపడ్డాయి.

మెహరున్నీసా కంగారుగా నా భుజం తట్టింది. "పద్మగారూ, తలనొప్పిగా ఉందా? వెళ్లిపోదామా?"

"లేదండీ. ఇంకాస్త ముందుకెళ్దాం పదండి," అన్నాను.

ముగ్గురం వెళ్లి స్పీకర్ల పక్కన నిలబడ్డాం. పాట అయిపోగానే జనమంతా ఒక్కసారిగా అరిచారు. నేనూ అరిచాను. మీరు వెళ్లిపోయాక నేను గొంతెత్తింది నిన్ననేనండీ.

మీ
పద్మ