గాజుపెట్టెలో కొల్మ్ చెమట

కిల్‌మోరన్ రేవు, డోనెగల్
జూన్ 9, 2003

చిరంజీవి దొనాల్‌కి,

గ్రాన్యా అక్క దీవెనలు. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. హాంబర్గ్‌లో నువ్వూ బాగానే ఉండి ఉంటావు, ఉత్తరం రాయడానికే నీకు చేతులు రావు.

మా తమ్ముడు కొల్మ్ ఇరవై తొమ్మిదేళ్లకే పోయాడు. బతికున్నప్పటికంటే ఈ ఊరికి ఇప్పుడే ఎక్కువ పనికొస్తున్నాడు. ఏటా జూన్‌లో ఎక్కడెక్కడి నుంచో బ్యాండ్లు దిగి, ఎండలో కూడా ఉన్నిటోపీలు పెట్టుకుని వాడి పాటలు వాయిస్తాయి. నువ్వూ వాడూ కలిసి పాటలు సాధన చేసేది చేపల ఐసు కొట్టులో కాబట్టి, చెవులు గడ్డకట్టకుండా వాడా టోపీ పెట్టుకునేవాడు. ఆ మాటే చెబితే ఉత్సవాల పెద్ద మెక్‌గిన్లీ నవ్వి, నీకేం తెలుసమ్మా, అది ఆయన స్టైలు అన్నాడు. వాడి ముక్కు తుడిచి పెంచినదాన్నిరా నేను!

ఈ ఏడు వాడి గిటారు మీద పడ్డారు. హోటల్లో గాజుపెట్టె చేయించాం, ఇచ్చెయ్యమ్మా అని చలికాలమంతా నా ప్రాణం తోడేశారు. రెండు రోజులు ముట్టుకోకపోతే గిటారు అలుగుతుందని కొల్మ్ అనేవాడయ్యా అని మొత్తుకున్నా ఒక్కడూ వినలేదు. విసుగెత్తి, అటక మీది గిటారు దించి వాళ్ల చేతిలో పెట్టాను. మీరిద్దరూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే ఎర్రరంగువి కొన్నారు, గుర్తుందా?

నిన్న పెట్టె తెరిచారు. రంగు లేచిపోయిన చోట వేలు పెట్టి, ఇదిగో, ఆయన చెమటకి కరిగిన రంగు అంటూ మెక్‌గిన్లీ వెక్కి వెక్కి ఏడ్చాడు. జనం వరసకట్టి మరీ దణ్ణాలు పెట్టారు. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

నీమీద ఇంకా మంట. వాడి సమాధి దగ్గర, ఇక నా గిటారు ముట్టను అని ఒట్టేసి పోయావు. ఆ ఒట్టుతో ఎవడు బాగుపడ్డాడురా? వాణ్ని తాగుడు చంపింది, నువ్వు కాదు. ఆ పాటలు నిజంగా ఎలా వాయించాలో తెలిసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. నువ్వు కూడా ఊరుకుంటే ఇక వాడి పేరు చెప్పుకోవడానికి ఆ టోపీలే మిగులుతాయి. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

కోపం తీరని
గ్రాన్యా అక్క

తా.క.: గాజుపెట్టెలో ఉన్నది నీ గిటారురా, ఆనాడు నా అటక మీద పడేసి పోయావే, అదే. ఆ చెమట మరక నేను గరుకు కాగితంతో రుద్ది, చిక్కటి టీ డికాషను పట్టించింది. కొల్మ్‌ది దుప్పట్లో చుట్టి, మన హ్యూగీ చేపల లారీలో పంపుతున్నాను. శుక్రవారానికి నీ గుమ్మంలో ఉంటుంది. తీగలు కొత్తవి వేయించాను. నీ ఒట్టుకేం ఢోకా లేదు, నువ్వు ముట్టనన్న గిటారుకి మెక్‌గిన్లీ తాళం వేశాడు. ఇది కొల్మ్‌ది. వాయించు.