మర్నాటి మాంత్రికుడి చివరి పంపకాలు

దిగువ వీధి పన్నెండో నంబరు ఇంట్లో అద్దెకుంటున్న, యాభై మూడేళ్ల వయసు గల, మూడో తరగతి మాంత్రికుడినైన నేను, ఒంట్లో రోగం లేకుండా, బుర్ర చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా ఇది. నా బుర్ర ఎప్పుడో చెడిందని మాంత్రిక మండలి వాదించవచ్చు. రేపు రెండు గంటలకు ఆకాశం నుంచి రాయి పడుతుందని తెలిసి, పైవీధిని మాత్రమే కాయాలని తీర్మానించిన బుర్రలవి. నమ్మకండి.

1. ఈ వీలునామా అమలు బాధ్యత ఇస్త్రీ బండి అక్కది. ఆమె చేతిలో పడ్డ ముడత ఏదీ ఇంతవరకు మిగల్లేదు. నా పుస్తకాలు కూడా ఆమెకే. చదువుతుందో, పొయ్యిలో పెడుతుందో ఆమె ఇష్టం.

2. రొట్టెల బట్టీ మేస్త్రికి నా రెండు పంచెల్లో మంచిది. ఆరిపోయిన బట్టీ రాజెయ్యమని ఆయన అడిగితే మంత్రం వేశాను. అది మర్నాడు, సెలవు రోజున, రాజుకుని, పక్కనే ఆరేసిన ఆయన పంచెను బూడిద చేసింది. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

3. నా మంత్రాలన్నీ మర్నాడే ఎందుకు పనిచేస్తాయో రాతపూర్వకంగా ఉండాలి. మా విద్యలో శిష్యుడు తొలిపాఠానికి ఏ వేళకు హాజరైతే మంత్రం జీవితాంతం ఆ లెక్కనే నడుస్తుంది. నేను ఒక రోజు ఆలస్యంగా వెళ్లాను. రంగుల మిల్లులో వరసగా రెండు షిఫ్టులు చేసి ఒళ్లు తెలియకుండా పడి నిద్రపోయాను. మండలి దాన్ని సోమరితనమని రాసుకుంది. మిల్లు ముఖం చూడనివాళ్లకు అలసట, సోమరితనం ఒకేలా కనబడతాయి.

4. మండలి పెద్ద అయిన మా అన్నయ్యకు, మా వీధి తరఫున నేను పెట్టిన నలభై ఒక్క అర్జీల నకళ్లు. అసలువి విప్పకుండానే తిప్పి పంపాడు గనక ఇవి ఆయనకు కొత్తవే. కవచ మంత్రం పావుగంటే నిలుస్తుంది, అది పనిచేసిన క్షణాన వేసినవాడి ప్రాణం తీసుకుంటుంది. పైవీధి కోసం మా ముసలి గురువును ఒప్పించారు. మా వీధికి ఇవ్వడానికి ప్రాణాలు లేవన్నారు. నిన్న సభలో నేను చెయ్యెత్తితే అందరూ నవ్వారు. అన్నయ్య అన్నాడు: "కూర్చోరా. రాయి పడ్డ మర్నాడు నీ కవచం వచ్చి ఎవరిని కాస్తుంది?"

అన్నయ్యా, అంతమంది పండితుల్లో ఒక రోజు వెనక్కి లెక్కపెట్టగలిగినవాడు ఒక్కడూ లేకపోయాడు.

5. నా ఒకే ఒక్క స్వార్జితమైన పిల్లి మా అమ్మాయికి. అమ్మా, ఆ పిల్లంటే నీకు పడదని తెలుసు. పద్నాలుగేళ్ల కిందట మీ అమ్మకు పొద్దున జ్వరం వచ్చింది, అప్పుడే మంత్రం వేశాను. సాయంత్రానికి మీ అమ్మ పోయింది. మర్నాడు మంత్రం వచ్చి ఖాళీ మంచం మీద పడుకున్న పిల్లికి తగిలింది. ఇంతవరకు దానికి తుమ్మయినా రాలేదు. మీ అమ్మకు ఇవ్వాల్సిన ఆయుష్షు అది. దాన్ని తన్నకు. చలికి నీ కాళ్ల దగ్గర పడుకోనివ్వు.

6. ఆ రోజు తొమ్మిదేళ్ల నువ్వు గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగావు: "నాన్నా, ఒక్కరోజు ముందే చదివి ఉండొచ్చుగా?"

రేపు రెండింటికి నువ్వు పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఇంట్లోనే ఉండు. వీధిలోవాళ్లనీ కదలొద్దని చెప్పు. పైకప్పు మీద చప్పుడవుతుంది, భయపడకు. నా కోసం వెతకొద్దు, నేను మెట్ల మీదే కూర్చుని ఉంటాను.

ఇవాళ సరిగ్గా రెండింటికి మంత్రం చదివేశానమ్మా. ఈసారి ఒక్కరోజు ముందే చదివాను.

తేదీ: రాయి పడటానికి ముందురోజు, మధ్యాహ్నం మూడు గంటలు.

(సంతకం) వీధిలో అందరూ పిలిచే పేరుతోనే: మర్నాటి మాంత్రికుడు

సాక్షులు: ఇస్త్రీ బండి అక్క తమ్ముడు (వేలిముద్ర)
రొట్టెల బట్టీ మేస్త్రి (సంతకం, పంచె వద్దన్నాడు, అయినా ఇవ్వాలి)