గాఢ నిద్ర పట్టిక

రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.
14 డిసెంబరు 2025, ఆదివారం

గౌరవనీయులైన శశికళ అక్కకు,

మునిశంకర్ తల వంచి చేసే నమస్కారాలు. నరసాపురంలో మీరు కుశలమని తలుస్తాను. ఇక్కడ అందరమూ కుశలమని రాయబోతే చెయ్యి ఆగింది.

చలి ముదిరింది. పిల్లప్ప తాతకు దగ్గు తగ్గింది. చిన్నవెంకటమ్మ అవ్వ మీరిచ్చిన మఫ్లరును ఎవరినీ ముట్టనివ్వదు. మీరిప్పుడు ఫ్యాక్టరీ ప్రథమచికిత్స గదిలో రాత్రి షిఫ్టు చేస్తున్నారని విన్నాను. మన వృద్ధాశ్రమంలో పగటి నర్సుగా ఉన్న మిమ్మల్ని ఆ రాత్రుల్లోకి తోసింది, రాత్రిపూట వార్డు చూసుకునే నేనే.

మీ మీద ఆశ్రమం ట్రస్టుకు అర్జీ రాసింది నేనేనని మీకు తెలుసు. బస్టాండులో ఆరోగ్య శిబిరం వాళ్ళు పంచిన కరపత్రం చదివి, ముసలివాళ్ళ నిద్రను ఉద్ధరించేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. తెల్లవార్లూ ట్యూబులైట్లు వెలుగుతుంటే నా ఒళ్ళు మండేది. తొమ్మిదింటికి అన్నీ ఆర్పాలని మీ మీద అరిచాను. రాత్రి ఆర్పడం మంచిదే కానీ, పగలు వెలుగు చూపించకపోతే ఆ సగం పని ఎందుకని మీరు మెల్లగా అడిగారు. అది సాకు అనుకున్నాను. రోగులను రోజూ పొద్దున వరండాలో వదిలేసి కబుర్లు చెబుతారని అర్జీలో రాశాను. ట్రస్టు చూసే బట్టల షాపు శ్రీకంఠయ్యగారు మిమ్మల్ని తీసేశారు. ఇంకెవర్నీ వరండాకు తీసుకుపోకూడదని చెప్పారు.

ఆ తరువాత రాజ్యం నాదే. తొమ్మిదింటికి చీకటి. గంటగంటకూ టార్చితో తిరిగి పట్టికలో నిద్ర రాసుకున్నాను. మేలుకున్నవాళ్ళను కసిరాను. రెండో నెలకల్లా పదకొండుమందికీ గాఢ నిద్రే. శ్రీకంఠయ్యగారు నా భుజం తట్టి, ట్రస్టుకున్న మరో రెండు ఆశ్రమాల్లోనూ ఇదే పద్ధతి పెడతామన్నారు. పట్టికలు రేపు అక్కడికి వెళ్ళాలి.

నిన్నటిదాకా నాకు తెలియదు. నిన్న మధ్యాహ్నం అందరూ అన్నం కంచాల ముందే జోగుతున్నారని పిల్లప్ప తాత మీద కేకలు వేశాను. ఆయన కోపం కూడా తెచ్చుకోలేదు.

"గనిలో కునుకు తీస్తా, మేస్త్రీ వస్తే మేలుకొని ఉన్నట్టు నటించినోళ్ళమప్పా. మేలుకొని ఉండి నిద్రపోయినట్టు నటించేది మాకొక లెక్కా? నువ్వు అరుస్తావని కొందరు. నీ కాగితం గెలవాలని కొందరు. శశి పాప పొద్దున్నే ఎండలో కూర్చోబెడతా ఉండె, నిద్ర దానంతట అదే వస్తా ఉండె. ఇంగ ఇప్పుడు యాడ వస్తాది?"

కరపత్రం తీసి చూశాను అక్కా. పొద్దుటి వెలుగులో గంటసేపు కూర్చోబెట్టాలన్నదే అందులో మొదటి మాట. రాత్రి చీకటి రెండోది. ఎర్ర ఇంకుతో నేను గీత గీసుకున్నది రెండోదాని కిందే. మొదటిదానికి మనుషుల్ని ఎత్తాలి, నడిపించాలి. రెండోదానికి స్విచ్చి నొక్కితే చాలు. మన వార్డు కిటికీల ఎదుట గోడే కదా. మూడు నెలలుగా వాళ్ళు సూర్యుణ్ణి చూడలేదు. గని మూతపడ్డాక వాళ్ళను మళ్ళీ గనిలోకి దించినవాణ్ణి నేను.

ఈ పొద్దున ఎవరినీ అడక్కుండా వాళ్ళను బయటికి తెచ్చాను. ఏడో మనిషిని తెచ్చేసరికి వరండా మీద ఎండ దాటిపోయింది. ఏడున్నరకల్లా పదకొండుమందినీ మీరెట్లా తెచ్చేవారో తెలియదు. చిన్నవెంకటమ్మ అవ్వ ముఖానికి ఎండ తగలగానే, శశి వచ్చిందా అని అడిగింది.

రేపు షాపు తెరవగానే శ్రీకంఠయ్యగారి దగ్గరికి వెళ్ళి, గిరాకీల ముందే అయినా సరే, ఈ పట్టికలు తప్పుడువని, నా అర్జీ అబద్ధమని చెబుతాను. మిమ్మల్ని పిలవమని అడుగుతాను. రావడం, రాకపోవడం మీ ఇష్టం. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

ఇట్లు,
తమ్ముడని మళ్ళీ మీరు పిలిచేదాకా ఆ మాట రాసుకోలేని
మునిశంకర్

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. నిన్నటిదాకా తెలియదని పైన రాశాను. అది కూడా అబద్ధమే. మీరు వెళ్ళిన రెండో వారంలోనే ఒక రాత్రి టార్చి వెలుగులో చిన్నవెంకటమ్మ అవ్వ కళ్ళు తెరిచి ఉండటం చూశాను. నన్ను చూడగానే, దెబ్బలకు భయపడే పిల్లలా గట్టిగా మూసుకుంది. రెప్పలు వణుకుతూనే ఉన్నాయి. నేను టార్చి ఆర్పి, ఆమె పేరుకెదురుగా గాఢ నిద్ర అని రాశాను.