తప్పిపోయిన స్టాపు

చిరంజీవి చిన్నమ్మడికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం, నా మోకాళ్ళతో సహా, కులాసాగానే ఉన్నాం. నువ్వూ వేళకి తింటూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటా అనుకోకు. నీ ఫోన్ మోగగానే మీ నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోతారు కదా, వెళ్ళేది కిటికీ అవతలికే. అక్కడ నిలబడి మొత్తం వింటారు. ఇప్పుడు రాసేది కిటికీకి వినపడాల్సిన విషయం కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. మందులు వేసుకుంటున్నాను. నువ్వు పంపిన దుప్పటి ముట్టుకునేది లేదని మీ నాన్న భీష్మించుకు కూర్చున్నారు. ఇప్పుడది కప్పుకుందామంటే నాకే దొరకడం లేదు. ఇక అసలు సంగతి. మన రూటు బస్సులో నీ గొంతు పెట్టిన మిషన్ స్టాపుల పేర్లు తప్పు చెబుతోందనీ, మీ ఆఫీసరు నీ మీద మండిపడుతున్నాడనీ, వెంటనే సరిచెయ్యకపోతే నీ పని ఇంకొకరికి అప్పగిస్తానన్నాడనీ రాశావు. ఎక్కడ పొరపాటు జరిగిందో కనుక్కోమన్నావు. కనుక్కున్నాను. కాస్త ఓపిక పట్టు, వరసగా చెబుతాను.

మిషన్ పెట్టిన మొదటి రోజే పళ్ళ డాక్టరు దగ్గరికి బయలుదేరిన పెద్దాయన ఒకాయన, నీ గొంతు "పళ్ళాసుపత్రి సెంటర్" అనగానే దిగి, ఎదురుగా కనిపించిన తలుపులో దూరి, కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. అది దర్జీ కొట్టు. మన దర్జీ మెడలో టేపుతో వచ్చి కాసేపు ఆ నోటిలోకి చూశాడట.

"చొక్కాకా, పాంటుకా?" అన్నాడట.

"కింద వరసలో ఎడమవైపుది. పీకెయ్యండి," అన్నాడట పెద్దాయన.

"పీకడాలు తర్వాత, ముందు చెయ్యెత్తండి," అని దర్జీ కొలతలు తీసేశాడు. ఆయన పాపం కొత్తరకం పరీక్ష కాబోలనుకుని చంక, నడుము అన్నీ కొలిపించుకున్నాడు. ఆ తర్వాతి స్టాపులో నీ గొంతు "కూరగాయల మార్కెట్" అంటే, సంచులు పట్టుకున్న జనమంతా పళ్ళాసుపత్రి ముందు దిగారు. అంతమందిని ఒక్కసారి చూసి ఆ డాక్టరు పొంగిపోయాడట.

సాయంత్రానికి దర్జీ మనింటికొచ్చాడు. "అయ్యా, మీ అమ్మాయి మిషను నా కొట్టుని ఆసుపత్రి చేసింది!" అన్నాడు. నువ్వు ఈ ఉద్యోగంలో చేరినరోజు "నా నోరు మూయించే మిషన్‌కి నా కూతురే నోరిచ్చింది" అని మీ నాన్న ఎంత గొడవ చేశారో తెలుసుగా. ఇక ఈ అవకాశం వదులుతారా అనుకున్నాను. మీ నాన్న పేపర్లోంచి తలెత్తకుండా, "కొత్తగా డ్యూటీలో చేరిందయ్యా. నేను కండక్టరుగా చేరిన కొత్తలో ఒక పెళ్ళివాళ్ళని స్మశానం దగ్గర దింపేశాను. వాళ్ళేమీ అనలేదు," అన్నారు.

సెంటర్ అని దేన్ని అనాలి, జంక్షన్ దేన్ని అనాలి, అడ్డా అనొచ్చా అని కూడా అడిగావు. పక్కింటావిడకి కావాలట అని అబద్ధమాడి మీ నాన్ననే అడిగాను. "పనేం లేకుండా నిలబడ్డా ఎందుకని ఎవరూ అడగరే, అది సెంటరు. నిలబడితే వెనకవాడు హారన్ కొడతాడే, అది జంక్షను. పని దొరుకుతుందని పొద్దున్నే వెళ్ళి నిలబడేది అడ్డా. కూడలి అని బోర్డు మీద రాస్తారు గానీ, కూడలిలో దిగుతాను టికెట్టివ్వమని నన్ను ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు," అన్నారు. మరి వ్యాపార కేంద్రమంటేనో అన్నాను. "అద్దెలు పెరిగిపోయిన సెంటరు," అన్నారు. అంతలోనే, "పక్కింటావిడకి బస్సుల గొడవెందుకు?" అని నావైపు అదోలా చూశారు. నేను పాలు పొంగుతున్నాయని లోపలికి పారిపోయాను. పొయ్యి మీద పాలే లేవు.

మర్నాటినుంచి ఆయన పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, పొద్దున్నే ఎటో వెళ్ళి మధ్యాహ్నానికి రావడం మొదలుపెట్టారు. అడిగితే నడక అంటారు. నడిచే మనిషి చొక్కాకి బస్సు డీజిల్ వాసనెందుకొస్తుంది? ఒకరోజు నేనూ బస్సు బయలుదేరే చోటిదాకా వెనకాలే వెళ్ళి, ఆయనెక్కిన బస్సే వెనక తలుపులో ఎక్కాను.

మీ నాన్న ముందు సీట్లో, సరిగ్గా నీ గొంతు వచ్చే డబ్బా కింద కూర్చున్నారు. గడియారం సెంటర్ దాటి బస్సాగగానే నువ్వు "దర్జీల సందు" అన్నావు. ఆయన లేచి నిలబడ్డారు.

"కాదమ్మా, ఇంకా రాలేదు. ఇది పాత పంపు. దర్జీ కావాల్సినవాళ్ళు కూర్చోండి, తర్వాతది."

పక్కనున్నాయన, "ఎవరితో మాట్లాడుతున్నారు మాస్టారూ?" అన్నాడు.

"మా అమ్మాయితో," అన్నారు మీ నాన్న.

నేను కొంగు నోట్లో కుక్కుకుని కిటికీవైపు తిరిగిపోయాను. నీతో మాటలు మానేసిన మనిషి రోజూ టికెట్టు కొనుక్కుని మరీ నీతో మాట్లాడి వస్తున్నారే తల్లీ. చివరి స్టాపుదాకా ప్రతి పేరూ ఆయన సరిచేశారు. విసుక్కోలేదు. నాతో ఎప్పుడైనా అంత నెమ్మదిగా మాట్లాడితే ఒట్టు.

ఇక దాచలేను, చెప్పేస్తున్నాను. తప్పు నీది కాదు, మిషన్‌దీ కాదు. మీ నాన్నని అడగడానికి మొహం చెల్లక నువ్వు స్టాపుల పేర్లు నన్నడిగావు చూడు, ఆయన స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని నేను ఫోన్‌లో గబగబా పేర్లన్నీ చెప్పేశాను. గడియారం సెంటర్ అన్నాను, దర్జీల సందు అన్నాను. మధ్యలో పాత పంపు ఎగిరిపోయింది. మన స్టాపే! దాన్ని నేను ఎప్పుడు పేరు పెట్టి పిలిచాను గనక? పెళ్ళై వచ్చినప్పటినుంచీ ఆ బస్సెక్కితే మీ నాన్న ఊరందరికీ పాత పంపు అని అరిచి, నాకు మాత్రం "దిగు, ఇల్లొచ్చింది" అనేవారు. నాకు అది ఇల్లే, స్టాపు కాదు. ఆ ఒక్కటీ పోయేసరికి వెనకవన్నీ ఒక్కో స్టాపు ముందుకి జరిగాయి. గడియారం తర్వాత పాత పంపు చేర్చెయ్యి, అంతా సర్దుకుంటుంది. మీ ఆఫీసరుకి మా అమ్మ మతిమరుపు మనిషని చెప్పు, నేనేమీ అనుకోను. మీ నాన్నకి మాత్రం చెప్పకు. జన్మంతా దెప్పుతారు.

ఇట్లు,
ఇంటి పేరే మర్చిపోయిన
మీ అమ్మ

అమ్మడూ, పోస్టులో వెయ్యమని మీ అమ్మ నా చేతికే ఇచ్చింది. కవరు సరిగా అంటించలేదు. తప్పిన స్టాపు చూసి, పేర్లు చెప్పిందెవరో మొదటి రోజే తెలుసుకున్నాను. మీ ఆఫీసరుకి "పేర్లు మా నాన్న చెప్పాడు, తప్పు ఆయనదే" అని చెప్పు. నా సర్వీసు అయిపోయింది, నన్నేం చేస్తాడు? పాత పంపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆపమను, అక్కడ దిగేది మీ అమ్మలాంటి మోకాళ్ళవాళ్ళు. మిగతా ఊరికి నువ్వే చెప్పుకో, గొంతు బాగుంది. నువ్వు వచ్చే బస్సులో మాత్రం ఆ మిషన్ ఆపేయించు. ఇల్లొచ్చిందని నేను చెబుతాను. రైట్ రైట్.

నాన్న