క్రామర్ పక్క వాటావాడి క్షమాపణ

స్టుట్‌గార్ట్, మంగళవారం

ఇంటి యజమానురాలు శ్రీమతి ష్టైమ్లే గారికి,

మీ పరువు మీద పిడుగు వేసిన ఈ పాపాత్ముణ్ణి మోకాళ్ల మీద నిలబెట్టి మరీ క్షమించండి. నలుగురు ఆడవాళ్లను చంపినందుకు నా పక్క వాటా క్రామర్‌కు యావజ్జీవం పడిన రోజున, "మా ఓనరమ్మకు అతనంటే మహా ముద్దు" అని విలేకరికి చెప్పింది నేనే. శుక్రవారంలోగా క్షమాపణ రాయకపోతే గది ఖాళీ చేయమన్నారు. రాస్తున్నాను.

కానీ అందులో అబద్ధమేముంది? మెట్లు తుడిచే వంతు నాకు వచ్చిన ప్రతి వారమూ "క్రామర్ గారిని చూసి నేర్చుకోవయ్యా, చదువుకున్న దున్నపోతా!" అనేవారు. తీర్పు విన్నాక కూడా "ఏమాటకామాటే, శుభ్రమైన మనిషి" అన్నారు. రక్తం తుడిచిన చేతికి మెట్లొక లెక్కా అమ్మా?

మీకు ఇంతే. అసలు క్షమాపణ ఆ నలుగురిలో ఒకరైన ఈరిస్‌కు చెప్పాలి, ఆమె లేదు. ఆమెను మార్చి నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం చంపాడని కోర్టులో విన్నాను. ఆ మధ్యాహ్నం అతని వైపు నుంచి ఎవరో నా గోడను బాదుతూనే ఉన్నారు. నేను విసుక్కుంటూ లేచి, "ఇది విశ్రాంతి వేళ, దయచేసి చప్పుడు ఆపించండి" అని చీటీ రాసి అతని తలుపు కిందికి తోశాను. కాసేపటికి చప్పుడు ఆగింది. నేను హాయిగా పడుకున్నాను.