ఏ చేతి బాప్తిస్మం

మేడ్చల్,
5 అక్టోబరు 1947

ప్రియమైన రిబ్కాకు,

నువ్వు, పాప కులాసా అని తలుస్తాను. మీ పుట్టింటికి వచ్చి చూద్దామంటే స్టేషను మాస్టరు సెలవు ఇవ్వలేదు. దారులు కూడా బాగాలేవంటున్నారు. మద్రాసులో కొన్ని క్రైస్తవ సంఘాలు కలిసి ఒకటయ్యాయి కదా, మీ అమ్మ వెళ్లే గుడి కూడా అందులో చేరిందట. మన లూథరన్లం చేరలేదు. క్రిస్మస్‌కు గుంటూరు నుంచి మన పాస్టరు అయ్యగారు వస్తారు. పాపకు బాప్తిస్మం ఆయనే ఇవ్వాలి. మీ అమ్మ తొందరపెడితే ఒప్పుకోకు. నాకెందుకో ఆవిడ మీద అనుమానంగానే ఉంది.

ఇట్లు,
నీ తీతు

శామీర్‌పేట,
16 అక్టోబరు

ప్రియమైన మీకు రిబ్కా వందనాలు.

పాప ఇప్పుడు పాలు బాగా తాగుతోంది. మా అమ్మ మీద కోపం వద్దు. బాప్తిస్మం సంగతి మీరొచ్చాక మాట్లాడుకుందాం, ఉత్తరంలో రాసేది కాదు. జల్దీ రండి.

మీ రిబ్కా

మేడ్చల్,
23 అక్టోబరు

ప్రియమైన రిబ్కాకు (‘ప్రియమైన’ అని అలవాటు కొద్దీ రాస్తున్నాను),

ఉత్తరంలో రాయలేని సంగతేమిటి? నిన్న మీ ఊరి ఇస్తారి రైలెక్కడానికొచ్చి, "పిల్ల నెత్తి మీద నీళ్లు పోసిన్రట గద సారూ! మీ అత్తగారి పక్కింటి సఫూరా జెప్పింది" అన్నాడు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఎవరి చేయి అది? మీ అమ్మ తన పాస్టరును పిలిపించింది కదూ? మన లూథరన్ల ప్రశ్నోత్తరి పాఠాలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పానే, అన్నీ మరిచావా? ఎవరిచ్చినా సరే, క్రిస్మస్‌కు అయ్యగారి చేత మళ్లీ ఇప్పిస్తాను. అంతవరకు నేను రాను.

తీతు

శామీర్‌పేట,
29 అక్టోబరు

ప్రియమైన మీకు,

మీ మొదటి ఉత్తరం అందిన మర్నాడే పాప ఒళ్లు నీలం తిరిగింది. అమ్మ పాస్టరు కోసం పరుగెత్తబోతే, మీ మాట పోకూడదని నేనే ఆపాను. ఊపిరి ఆగిపోతున్నట్టుంటే సఫూరా ముంతతో నీళ్లు తెచ్చింది. ప్రాణం మీదికొస్తే ఏ విశ్వాసి అయినా బాప్తిస్మం ఇవ్వచ్చని మీరే నేర్పారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో నేనే పోశాను. ఆ చేయి నాదే.

ఒంటరిగా ఉన్న మీరు పరేషాన్ అవుతారని దాచాను. బాప్తిస్మం ఒక్కటేనని కూడా మీరే నేర్పారు. మళ్లీ ఇప్పిస్తాననడం ఒక లూథరన్ అనే మాటేనా? నాకు మస్తు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఎవరి చేయి అని అడిగారు గాని, ఏం పేరు పెట్టావని అడగలేదు. మార్త అని పెట్టాను. పాప మనకు దక్కకపోతే, పైనున్న మీ అమ్మ తన పేరు విని గుర్తుపట్టి ఎత్తుకుంటుందని.

మీ రిబ్కా