రంగు పూసిన వేపమొక్క, సచ్చిన మేక

ఆర్మూరు,
జూన్, 1994.

పసుపు గోదాముల మేనేజరు గారి సముఖమునకు, గేటు ముందర హోటలు నడుపుకొను ముత్తెన్న పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: తమరి షీల్డు గెలిచిన మొక్కను తన మేక తిన్నదని స్వీపరు నర్సవ్వను కొలువులోంచి తీసివేసిన సంగతి గురించి.

1. పర్యావరణ దినం వస్తున్నదని తమరు హుకుం జారీ చేసితిరి. ఉద్యోగులు సైకిలు మీద రావలెను, ఫ్యాన్లు ఊరికే తిప్పరాదు, తలా ఒక వేపమొక్కను పెంచవలెను, పచ్చగా పెంచినవారికి షీల్డు ఇవ్వబడును అని. ఫ్యాన్ల విషయంలో ఏ లోపమూ లేదు. సార్లందరూ పొద్దంతా నా హోటల్లోనే ఉండిరి గనుక ఆఫీసులో ఫ్యాన్లు తిరుగలేదు. సైకిలు విషయంలో తమరే దారి చూపితిరి. జీపును నా హోటలు కాడ ఆపి, నా సైకిలు అడిగి తీసుకొని, గేటు దాకా పోయి ఫోటో దిగితిరి. దానికి చైను లేదు. వెనుక నుంచి నూకినది నేనే.

2. గుమాస్తా దేవిదాస్ సారు తన మొక్కకు నీళ్లకు బదులు మిగిలిన చాయ్, పాన్ ఉమ్ము పోసి పెంచిరి. అది ఎండినది. షీల్డు ఇచ్చేనాటి పొద్దున సారు నర్సవ్వను పిలిచి, హోలీకి మిగిలిన ఆకుపచ్చ రంగు చేతిలో పెట్టిరి.

"నర్సవ్వా, గీ మొక్కకు పాలిష్ పెట్టు."

"సచ్చినదానికి పాలిషేంది సారూ?"

"మాసిన పసుపు కొమ్ములకు రంగు వట్టిస్తే రేటొస్తలేదా? గట్లనే. పెడ్తవా, ఇంటికి వోతవా?"

పెట్టినది. షీల్డు వచ్చినది. తమరు ఆ ఆకును నిమిరి, ఆకుపచ్చ అంటిన చెయ్యి ఎత్తి చప్పట్లు కొట్టించితిరి.

3. ఆ సాయంత్రం నర్సవ్వ మేక ఆ మొక్కను మేసి, తెల్లారేసరికి నురగ కక్కి చచ్చినది. దేవిదాస్ సారు దాన్ని కాలితో తిప్పి చూసి, "రంగుతోని గాదే, తిండెక్కువై సచ్చింది. గా రంగు మనుషులు తిన్నా ఏం గాదు" అనిరి. ఆ మాట రాసిన కాగితం మీదనే తమరు సంతకం పెట్టి, ఆఫీసు మొక్కకు నష్టం చేసినదని నర్సవ్వను తీసివేసితిరి. మొగడు లేని మనిషి. ఇప్పుడు గేటు బయట కూర్చుండి, "మేక వోతె వోయింది ముత్తెన్నా, నా చీపురు నాకు ఇప్పియ్యే" అని నా ప్రాణం తీస్తున్నది.

4. ఇక అసలు మనవి. మేక చచ్చిన దినమే, అనగా నిన్న రాత్రి, జరిగిన షీల్డు విందుకు మటన్ వండి పంపినది నేనే. తమరు మళ్లీ అడిగి వేయించుకుంటిరి. దేవిదాస్ సారు బొక్కలు కూడా పీల్చిరి. ఏ మేక అని మాత్రం ఒక్కరూ అడుగలేదు. రంగుతో ఏమీ కాదని తమ సంతకమే ఉన్నది గావున భయపడవలసిన పని లేదు. ఒకవేళ భయమైతే, నర్సవ్వను తిరిగి కొలువులో పెట్టుకున్న కాగితం తీసుకొని హోటలుకు రాండి. ఏ మేకో అప్పుడు చెప్త.

కడుపులో పెట్టుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముత్తెన్న

మళ్లా: దేవిదాస్ సారు పొద్దటి సంది ఊకూకె చెంబు వట్టుకొని గోదాము ఎనుకకు ఉరుకుతుండు. తమరికి ఇంక షురూ గాలేదా సారూ?